గాలి ప్రదక్షిణ చేస్తుంటే: ఫ్లోరిడా మెరీనాలో బహామాస్ కోసం ఎదురుచూపు

రెండు రోజుల ముసురు వదిలాక ఆకాశం కడిగినట్టు ఉంటుంది. ఎండ కాస్తుంది, ఉక్క పోయి డిసెంబరు చలి హాయిగా తగులుతుంటుంది. అలాంటి రోజున మయామీలోనో లేక్ వర్త్‌లోనో మెరీనా (సొంత పడవలు కట్టుకునే రేవు) వైపు షికారుకొచ్చినవాళ్లకి ఒక సందేహం వస్తుంది. ఇంత మంచి రోజున ఈ తెరచాప పడవలన్నీ ఎందుకు కట్టేసి ఉన్నాయి? వీటిలో సగం సముద్రానికి అవతల ఉన్న బహామాస్ దీవులకి వెళ్లాల్సినవే కదా? అంతకు మూడు రోజుల ముందు, మబ్బు పట్టి ఒళ్లంతా జిగటగా ఉన్న అర్ధరాత్రి మాత్రం నాలుగైదు పడవలు చడీచప్పుడు లేకుండా తాళ్లు విప్పుకుని పోయాయి.

పోయినవాళ్లు సరిగ్గానే పోయారు. ఆగినవాళ్లు ఇవాళ ఆగడమూ సరైనదే. ఈ లెక్క అర్థం కావాలంటే ఆకాశాన్ని కాసేపు పక్కనపెట్టి, గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో, కింద నీళ్లు ఏ దిక్కుకి పోతున్నాయో చూడాలి.

నడుమన ఉన్న నది

మయామీ రేవు నోటి నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి దాదాపు 45 నాటికల్ మైళ్లు (ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు). కాస్త ఉత్తరాన ఉన్న లేక్ వర్త్ నుంచి గ్రాండ్ బహామా దీవి పడమటి కొస వెస్ట్ ఎండ్‌కి 56. దూరం పెద్దదేమీ కాదు. కానీ ఈ సందులోంచే గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్రపు ప్రవాహం ఉత్తరానికి పారుతుంది. సెకనుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్ల నీరు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి గోదావరులు మూడొందలు కలిస్తే ఈ ప్రవాహం. నడిమధ్యన దీని వేగం మూడు, మూడున్నర నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) ఉంటుంది. దాటే దారంతా సగటు తీస్తే రెండున్నర నాట్లు వేసుకోవచ్చు.

దక్షిణపు గాలి వీచినప్పుడు గాలీ నీరూ ఒకే దిక్కుకి పోతాయి. అలలు సాగి, చదునుబడి, పడవ కింద నుంచి మెల్లగా జారిపోతాయి. ఉత్తరపు గాలి వస్తే అలలు నీటికి ఎదురెక్కాలి. అల ఎదురు ప్రవాహంలోకి వచ్చినప్పుడు రెండు అలల మధ్య కాలం మారదు కానీ దూరం కుంచించుకుపోతుంది, ఆ శక్తి ఎత్తుగా మారుతుంది. మామూలు నీటిలో ఆరు సెకన్ల అల పొడవు 56 మీటర్లు. మూడు నాట్ల ఎదురు ప్రవాహంలో అది సుమారు 35 మీటర్లకి తగ్గుతుంది, మీటరు ఎత్తున్న అల మీటరున్నర దాటుతుంది. అంటే ఏటవాలు రెండున్నర రెట్లు. ప్రమాదం ఎత్తులో కన్నా ఈ ఏటవాలులోనే ఉంది. మూడు మీటర్ల ఎత్తున్నా పొడవుగా సాగే అలల మీద హాయిగా తేలే పడవ, మీటరున్నర నిట్టనిలువుగా లేచిన అలల్లో ముక్కు గుచ్చుకుంటుంది. ప్రతి అలకీ ఆగిపోతుంది. ఇంజను నడుస్తూనే ఉంటుంది, పడవ మాత్రం కదలదు.

అందుకే ఈ సందు దాటేవాళ్ల మొదటి నియమానికి మినహాయింపులు లేవు: గాలి వచ్చే దిక్కులో ఉత్తరం పాలు ఉంటే పోవద్దు. ఉత్తరం, వాయవ్యం, ఈశాన్యం మూడూ ఒకటే. ‘పది నాట్లే కదా’ అని బయల్దేరేవాళ్లుంటారు. పది నాట్లు పదిహేనయ్యేసరికి గాలి తోపు రెట్టింపు దాటుతుంది.

ఎనిమిది దిక్కులూ ఒక వారంలో

వాస్తు పుణ్యమా అని ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం, ఈశాన్యం తెలుగువాళ్లకి నోటికొచ్చు. ఫ్లోరిడా చలికాలపు గాలిని అర్థం చేసుకోవడానికి అది చాలు, ఎందుకంటే ఆ గాలి అచ్చంగా ప్రదక్షిణ చేస్తుంది.

నవంబరు నుంచి మార్చి దాకా ఉత్తర అమెరికా మీంచి చల్లటి బరువైన గాలి దిగుతుంటుంది. దాని ముందు అంచే కోల్డ్ ఫ్రంట్. వారానికొకటి, ఒక్కోసారి నాలుగు రోజులకే ఒకటి వస్తుంది. అది దూరంగా ఉన్నప్పుడు గాలి తూర్పు నుంచి వీస్తుంది. దగ్గరపడే కొద్దీ ఆగ్నేయానికి, అక్కణ్నుంచి దక్షిణానికి తిరుగుతుంది. బాగా దగ్గరైతే నైరుతి. ఫ్రంట్ దాటుతున్నప్పుడు ఉరుముల మబ్బులు, కుండపోత, పడమటి గాలి. దాటీదాటగానే వాయవ్యం, ఉత్తరం నుంచి ఇరవై, పాతిక నాట్లు. మొదట చెప్పిన కడిగిన ఆకాశం ఈ ఘట్టంలోనిది. తర్వాత ఈశాన్యం, మళ్లీ తూర్పు.

పడవలవాళ్లు ‘విండో’ అనేది ఈ ప్రదక్షిణలో ఆగ్నేయం నుంచి నైరుతి దాకా ఉన్న చిన్న ముక్క. అది ఒక్కోసారి రెండు రోజులుంటుంది, ఒక్కోసారి పన్నెండు గంటలే. ఫ్రంట్లు మరీ దగ్గరదగ్గరగా వస్తే గాలి ఈశాన్యం, తూర్పు దాటి కిందకి రాకముందే తర్వాతది తోసుకొస్తుంది. అప్పుడు రెండు మూడు వారాలు ఏమీ ఉండదు. జనవరిలో ఇది మామూలే. మార్చి చివరికి ఫ్రంట్లు బలహీనపడి సగం దారిలోనే ఆగిపోతుంటాయి, విండోలు వెడల్పవుతాయి.

ఆ ముక్కలో కూడా అన్ని గాలులూ ఒకటి కావు. ప్రవాహం ఉత్తరానికి నెడుతుంది కాబట్టి బిమినీకి పోయే పడవ ముక్కుని తూర్పు నుంచి ముప్పై డిగ్రీలు దక్షిణానికి తిప్పి ఉంచాలి. ఆగ్నేయపు గాలి దాదాపు ఎదురుగా ముఖం మీదే కొడుతుంది. సముద్రం మంచిగానే ఉన్నా తెరచాపలు పనిచెయ్యవు, దారంతా డీజిలే. దక్షిణపు గాలి పది, పన్నెండు నాట్లుంటే అసలైన విందు. నైరుతి ఇంకా వేగంగా తీసుకెళ్తుంది కానీ ఫ్రంట్ తలుపు దగ్గరే నిలబడి ఉందని చెబుతుంది. ఫ్రంట్ రాక ముందస్తు అంచనా కన్నా ఆరు గంటలు అటూ ఇటూ కావడం సాధారణం. చెప్పిన వేళకి పన్నెండు గంటల ముందే అవతలి రేవులో తాడు కట్టి ఉండేలా లెక్క వేసుకోవాలి.

ఇంకొక పొరపాటు ఉత్తరపు గాలి ఆగిన వెంటనే బయల్దేరడం. గాలి పోయినా అది లేపిన అలలు పోవు. రెండు రోజులు పాతిక నాట్ల ఈశాన్యం వీచాక, గాలి తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి కనీసం ఒక పగలూ రాత్రీ గడవాలి.

గంటల లెక్క

ఐదు నాట్ల వేగంతో పోయే పడవ ప్రవాహాన్ని పట్టించుకోకుండా ముక్కు తిన్నగా తూర్పుకి పెట్టి తొమ్మిది గంటలు నడిస్తే బిమినీకి 22 మైళ్లు ఉత్తరాన తేలుతుంది. ముప్పై డిగ్రీలు దక్షిణానికి తిప్పి పెడితే తిన్నగా పోతుంది, కానీ ముందుకి సాగే వేగం 4.3 నాట్లే. 45 మైళ్లకి పదిన్నర గంటలు. పడవ వేగం నాలుగు నాట్లకి పడిపోతే తిప్పాల్సిన కోణం 39 డిగ్రీలవుతుంది, నికర వేగం 3.1, ప్రయాణం పద్నాలుగున్నర గంటలు. సొంత వేగం ఒక్క నాట్ తగ్గితే నాలుగు గంటలు పోయాయన్నమాట. పన్నెండు గంటల విండోలో మొదటి పడవ ప్రయాణం ఇముడుతుంది, రెండోదానిది ఇమడదు. ఈ అంకెని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పని పడుతుంది.

బయల్దేరే వేళని అవతలి ఒడ్డే నిర్ణయిస్తుంది. బహామాస్‌లో నీటి లోతుని రంగుని బట్టి చదవాలి. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ తక్కువ లోతు, గోధుమరంగు మచ్చ పగడపు రాయి. సూర్యుడు ఎత్తుగా, వీపు వైపు ఉంటేనే అవి కనిపిస్తాయి. మధ్యాహ్నం రెండింటికి చేరాలంటే తెల్లవారుజాము మూడుకి, కాస్త జాగ్రత్తపరులు రెండుకే తాళ్లు విప్పుతారు. రాత్రి రెండు గంటలకి రేవు నోటి దగ్గర పాటు, అంటే బయటికి పోయే నీరు ఉండి, తూర్పు గాలి ఎదురొస్తే అక్కడే చిన్నపాటి గల్ఫ్ స్ట్రీమ్ తయారవుతుంది. అందుకని పోటు పాటు పట్టిక కూడా ఆ లెక్కలో కలపాలి.

చేరడంతో విండో పని అయిపోదు. బిమినీ పడమటి వైపు లంగరు వేసే చోట్లన్నీ పడమటి గాలికి బార్లా తెరిచి ఉంటాయి. ఫ్రంట్ వచ్చే రాత్రి ఎక్కడ తలదాచుకుంటారో ముందే తెలిసి ఉండాలి. లోపలి మెరీనాలో చోటు రిజర్వు చేసుకోవాలి, లేదా ఆగకుండా గ్రేట్ బహామా బ్యాంకు అనే లోతు తక్కువ నీటి మేట మీదుగా తూర్పుకి సాగాలి. రెండోదైతే విండో రెండు రోజులు కావాలి.

ముందస్తు అంచనాలు ఎలా చదవాలి

రోజూ యాప్‌లో రంగుల పటం చూసి నిట్టూర్చడం పరిశీలన కాదు. అమెరికా వాతావరణ కంప్యూటర్ మోడల్ జీఎఫ్ఎస్ రోజుకు నాలుగుసార్లు కొత్త అంచనా లెక్కగడుతుంది (ఒక్కో లెక్కని పరుగు అంటారు), యూరప్ మోడల్ ఈసీఎండబ్ల్యూఎఫ్‌కి ముఖ్యమైన పరుగులు రెండు. ప్రతిరోజూ ఒకే వేళకి రెండింటినీ తీసి, దాటాలనుకున్న రోజు మధ్యాహ్నం సందు మధ్యలో గాలి దిక్కు, వేగం, ఫ్రంట్ వేళ నోటుబుక్కులో రాయాలి. మూడు నాలుగు పరుగులు వరుసగా, రెండు మోడళ్లూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. ఇవాళ బుధవారం అని, రేపు గురువారం అని జరుపుతూ పోతుంటే, పటం ఎంత అందంగా ఉన్నా ఆ విండో లేనట్టే. ఐదు రోజుల తర్వాతి సంగతి ఆశ మాత్రమే.

మోడల్ గాలి సగటు; జల్లుల్లో విసురు అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మోడల్ అల ఎత్తు కూడా అంతే: అన్ని అలల్లోకీ పెద్దవైన మూడో వంతు అలల సగటు. దానికి రెట్టింపు ఎత్తున్న అల ఒకటి రెండు ఆ రోజు తప్పకుండా ఎదురవుతాయి. పైగా సాధారణ పటాలు ప్రవాహం వల్ల వచ్చే ఏటవాలుని సరిగ్గా చూపవు. అందుకే అమెరికా వాతావరణ శాఖ మయామీ ఆఫీసు రాసే తీరజలాల అంచనాలో గల్ఫ్ స్ట్రీమ్ గురించి విడిగా ఏమన్నారో చదవాలి. వీహెచ్ఎఫ్ రేడియో వాతావరణ ఛానళ్లు రోజంతా చదువుతూనే ఉంటాయి. మయామీ దగ్గరి ఫోవీ రాక్స్ లాంటి స్టేషన్ల అసలు కొలతల్ని నిన్నటి అంచనాతో పోల్చితే, ఈ వారం ఏ మోడల్ తక్కువ చెబుతోందో తెలిసిపోతుంది.

మన తీరంలో ఓడరేవు మీద మూడో నంబరు హెచ్చరిక ఎగరలేదంటే వేటకి పోవచ్చని అనుకునేవాళ్లు ఉన్నట్టే, ఇక్కడా చిన్న పడవల హెచ్చరిక లేదు కాబట్టి ఇవాళ మంచిదేనని తేల్చేసేవాళ్లుంటారు. హెచ్చరిక లేకపోవడం అనుమతి కాదు.

మహాసముద్రం దాటేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య సభ్యులుగా ఉన్న నౌకాదళ బృందం 2017లో ఐఎన్ఎస్‌వీ తరిణి మీద గోవా నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌కి పోవడానికి నెల దాటింది. అంత దూరానికి విండో దొరకదు. మొదటి నాలుగైదు రోజులు బాగుంటే చాలని బయల్దేరి, తర్వాత వచ్చినదాన్ని భరించాలి. బహామాస్ సందు చిన్నది కాబట్టే ఇక్కడ ఆగడానికి అర్థముంది. మొత్తం ప్రయాణం నమ్మదగిన అంచనాలో ఇమిడిపోతుంది.

మెరీనా పడవకి చేసే నష్టం

ఆగితే పోయేదేముంది అనుకుంటారు. పోయేది చాలా ఉంది. ఫ్లోరిడా నీళ్లు చలికాలంలోనూ వెచ్చగా ఉంటాయి, కదలని పడవ అడుగున నాచూ సముద్రపు గుల్లలూ ఆగకుండా పెరుగుతాయి. ప్రొపెల్లర్‌కి సాధారణంగా రంగు ఉండదు కాబట్టి గుల్లలు మొదట పట్టేది దానికే. మూడు వారాలు కట్టేసిన పడవ ప్రొపెల్లర్ మీద గుల్లల పొర ఉంటే ఐదు నాట్ల పడవ నాలుగుకి దిగుతుంది. పైన వేసిన పద్నాలుగున్నర గంటల లెక్క ఇదే. వాతావరణం బాగాలేదని ఆగినవాళ్లే, ఆగినందువల్ల, వచ్చిన విండోలో పట్టకుండా పోతారు. డైవర్‌తో బయల్దేరే ముందు ప్రొపెల్లర్, షాఫ్ట్, ఇంజను చల్లబరిచే నీరు లోపలికి వచ్చే రంధ్రం గీకించాలి. ఆ రంధ్రం సగం మూసుకుపోతే డాక్ దగ్గర ఏమీ తెలియదు, సందు మధ్యలో పూర్తి వేగంతో నడిపినప్పుడు ఇంజను మరిగిపోతుంది. డైవర్ లేడు కదా అని మెరీనాలో మీరే దూకకండి. ఏ పడవ వైరింగ్ నుంచైనా కరెంటు నీళ్లలోకి కారుతుండవచ్చు.

బ్యాటరీలది ఇంకా లోపాయికారీ చావు. డాక్ కరెంటు తగిలించి ఉన్నన్నాళ్లూ ఫ్రిజ్‌ని ఛార్జరే నడుపుతుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఎవరికీ తెలియదు. విండోకి రెండు రోజుల ముందు కేబుల్ తీసేసి, ఒక రాత్రంతా ఫ్రిజ్, దీపాలు, రేడియో బ్యాటరీ మీదే నడపాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు, తెల్లారేసరికి లోడ్ ఆపి కాసేపు ఆగి చూస్తే 12.2 కన్నా దిగిందంటే కొత్తది కొనాల్సింది ఇక్కడే, బహామాస్‌లో కాదు.

ఆ కేబుల్ సంగతి కూడా చెప్పాలి. సాధారణ కనెక్షన్ 30 ఆంపులు, 120 వోల్టులు. గంటల తరబడి వాడాలంటే అందులో 80 శాతమే, 24 ఆంపులు. గది హీటర్ 1500 వాట్లు, అంటే పన్నెండున్నర ఆంపులు. నీళ్ల హీటర్ ఇంకో పన్నెండున్నర. ఫ్రంట్ దాటిన చలి రాత్రి రెండూ వేసి పైన బ్యాటరీ ఛార్జర్ నడిస్తే పరిమితి దాటిపోయింది. బ్రేకర్ పడితే అదృష్టం. పడకపోతే ఉప్పు పట్టి వదులైన ప్లగ్గు పిన్నుల దగ్గర నల్లగా మాడుతుంది. ప్లగ్గు మొదలుని చేత్తో తాకి చూడండి, వేడిగా ఉంటే లోడ్ తగ్గించి, మాడిన ప్లగ్గు మార్చండి. తగిలించేటప్పుడు పడవ వైపు ముందు, డాక్ వైపు తర్వాత, బ్రేకర్ ఆఖరున. తీసేటప్పుడు దీనికి తలకిందులు. కరెంటున్న కొస నీళ్ల మీద వేలాడకూడదన్నదే ఈ వరసకి కారణం.

అదే కేబుల్‌లోని ఎర్త్ వైరు మీ పడవనీ పక్క పడవల్నీ ఒక బ్యాటరీలా కలిపేస్తుంది. ప్రొపెల్లర్ లాంటి లోహాలకి బదులు తాము కరిగేలా అడుగున బిగించిన జింక్ ముక్కలు నెలల బదులు వారాల్లో కరిగిపోతుంటే కారణం ఇదే. ఆ చిన్న కరెంటుని ఆపే గాల్వానిక్ ఐసోలేటర్ బిగిస్తే తగ్గుతుంది. జింక్ సగం అరిగితే మార్చాలి. పూర్తిగా పోతే తర్వాత కరిగేది ప్రొపెల్లరే.

లోపల చెమ్మ. కిలో ప్రొపేన్ గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. తలుపులన్నీ మూసి అన్నం, పప్పు వండి పడుకుంటే ఆ నీరంతా చల్లటి గోడల మీద, పరుపుల కింద చేరుతుంది. గ్యాసు పొయ్యితో గది వెచ్చబెట్టుకోవడం ప్రాణాంతకం కూడా. పరుపులు వారానికోసారి నిలబెట్టి ఆరబెట్టాలి, చిన్న డీహ్యుమిడిఫైయర్ పెట్టుకోవాలి. మరుగుదొడ్డి ట్యాంకులోది తీరానికి మూడు మైళ్ల లోపల సముద్రంలోకి వదలడం చట్టవిరుద్ధం కాబట్టి ట్యాంకు తోడేసే పంప్‌అవుట్ పడవ ఏ రోజుల్లో వస్తుందో తెలుసుకుని, బయల్దేరే ముందురోజు ఖాళీ చేయించాలి.

ఫ్రంట్ రాత్రి తాళ్లు. 36 అడుగుల పడవకి అరంగుళం మందం నైలాన్ సరిపోతుంది. నైలాన్ సాగి ఊపుని మింగుతుంది; పాలియెస్టర్ సాగదు, తాళ్లు చుట్టే కొక్కేలనే (క్లీట్లు) లాగేస్తుంది. ముందు, వెనక, అటూ ఇటూ ఏటవాలుగా కట్టే తాళ్లు (స్ప్రింగులు అంటారు) కలిపి ఆరు తాళ్లు. తాడు తెగేది దాదాపు ఎప్పుడూ అంచుకి రాసుకునే చోటే, కాబట్టి అక్కడ పాత ఫైర్ హోస్ ముక్క తొడగాలి. డాక్ తేలేది కాకుండా స్తంభాల మీద కట్టినదైతే పోటు పాటుల తేడా, దాదాపు మూడడుగులు, తాడులో వదలాలి. వదలకపోతే పాటు వేళ పడవ తాళ్లకి వేలాడుతుంది.

తేదీలు, చుట్టాలు, పుకార్లు

చెడు నిర్ణయాల్లో ఎక్కువ భాగం గాలి వల్ల కావు. ‘పదో తారీఖున మేం నసావ్‌లో దిగుతాం, అక్కడికి రండి’ అని చుట్టాలు టికెట్లు కొనేస్తారు. పడవల మీద బతికేవాళ్లు వచ్చే అతిథికి తేదీ అయినా చెబుతారు, ఊరైనా చెబుతారు, రెండూ కలిపి చెప్పరు. డబ్బూ అంతే. నెలవారీ అద్దె రోజువారీ కన్నా బాగా చవక కాబట్టి ముందే కట్టేస్తారు, కట్టాం కదా అని మంచి విండోని వదిలేస్తారు. ఇంకోవైపు, డాక్ మీద ఒకరు ‘రేపు పోతున్నాం’ అనగానే పది పడవలు మూటాముల్లె సర్దేస్తాయి. ముందుపోయే పడవ 45 అడుగులది, ఏడు నాట్లు పోతుంది. వెనక పోయేది 30 అడుగులది. ఒకే విండో ఇద్దరికీ ఒకటి కాదు.

అందుకే చివరి రెండు మూడు రాత్రులు మెరీనా వదిలేసి రేవు నోటి దగ్గర లంగరు మీద ఉండటం మేలు. మయామీ వైపు కీ బిస్కేన్‌లోని నో నేమ్ హార్బర్, ఉత్తరాన లేక్ వర్త్ లంగరు చోటు ఇందుకు పేరుపడ్డవి. డబ్బు మిగులుతుంది, బ్యాటరీ పరీక్ష దానంతట అదే జరుగుతుంది, వదులుగా ఉన్న గిన్నెలూ పెట్టెలూ ఊపుకి ముందే కిందపడి తమ సంగతి చెబుతాయి. డబ్బాలూ బియ్యమూ డీజిలూ గ్యాసూ ముందే నింపుకోవాలి. కూరగాయలు, పాలు మాత్రం విండో ఖాయమయ్యాకే కొనాలి, లేకపోతే ఆగిన ప్రతి వారమూ కుళ్లిన టమాటాలు పారబొయ్యాలి. బహామాస్ ప్రవేశపు దరఖాస్తు క్లిక్‌టుక్లియర్ వెబ్‌సైటులో ముందే నింపి, దిగి క్లియరెన్సు అయ్యేదాకా ఎగరేసే పసుపు జెండా బయట పెట్టుకోవాలి.

ఇంత చేసి బయల్దేరాక కూడా వెనక్కి తిరిగే చోటు ఒకటి ఉండాలి. రేవు దాటిన కొంతసేపటికి నీటి ఉష్ణోగ్రత ఎగబాకుతుంది, ముక్కు ఒక దిక్కున ఉంటే జీపీఎస్ మరో దిక్కు చూపడం మొదలవుతుంది. అదే ప్రవాహపు అంచు. తెల్లవారి బయల్దేరినవాళ్లకి దిగంతం మీద ఏనుగుల బారులా ఎత్తుపల్లాలు కదులుతూ కనిపిస్తే అవి ఏటవాలు అలల తలలు. అంచులో అరగంట నడిపి చూసి పడవ గుద్దుకుంటూ వేగం మూడు నాట్లకి పడిపోతుంటే, నడిమధ్యన ఇంతకన్నా మెరుగ్గా ఉండదు. తిరగండి. అయితే బయల్దేరిన రేవుకి గురిపెట్టకండి, ఈలోగా ప్రవాహం ఉత్తరానికి నెట్టేసి ఉంటుంది. మయామీ నుంచి పోయి మూడు గంటల తర్వాత తిరిగినవాళ్లకి తేలిగ్గా అందేది 20 మైళ్లు పైన ఉన్న పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్. ఆ రేవు చార్టు, ఆ రోజు అక్కడి పోటు పాటు వేళలు బయల్దేరకముందే చార్టు బల్ల మీద ఉండాలి.